ఎలుకల గదిలో కుర్చీలు

నవంబరు పదహారో తేదీ. ఆ ఉదయం నూనెలమ్మాయి రెండు అరటిపళ్లు తిని ల్యాబుకొచ్చింది. ఆమె గైడయిన మాస్టారు, తన భార్య పెట్టిన ఉప్పులేని ఓట్స్ తిని వచ్చారు. ఎలుకలు తమ దాణా తిన్నాయి. నిమ్మగడ్డి నుంచి తీసిన నూనె కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందా అన్నది ఆమె పరిశోధన; కాలేజీలో నూనెలమ్మాయి అన్న పేరు వచ్చిందీ అందుకే.

రెండు బోన్ల ఎలుకలకూ నెల్లాళ్లుగా వెన్న కలిపిన దాణా పెడుతున్నారు. ఒక బోనుకు అదనంగా నూనె చుక్కలు. కలిపే పని మాత్రం మాస్టారు ఎవరికీ ఇచ్చేవారు కాదు. వట్టి వెన్న బోనులో కొలెస్ట్రాల్ పెరిగి, నూనె బోనులో పెరగకపోతే థీసిస్ అయిపోయినట్టే. నెలాఖరుకు స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. డిగ్రీ వస్తే ఇదే కాలేజీలో ఉద్యోగం, రాకపోతే ఇంటిదారి.

మధ్యాహ్నం రక్తపరీక్ష చేస్తే రెండు బోన్లలోనూ కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది. ఆమె రిపోర్టు పట్టుకుని పరుగెత్తింది.

"అక్కా, మునిగిపోయానే," అంది పక్క ల్యాబు సీనియర్‌తో.

"ఏడవకే. బోన్లు పక్కపక్కనే పెట్టావుగా, వాసన తగిలి తగ్గిందేమో," అందామె, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆ ఓదార్పు క్యాంటీన్ దాటేసరికి సిద్ధాంతమైంది. సాయంత్రం ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చారు.

"ఏమ్మా, వాసన చూస్తే చాలటగా?"

"అలా... అయ్యుండొచ్చు సార్," అంది ఆమె.

మర్నాడు అకౌంటెంట్ ఎలుకల గదిలో కుర్చీ వేసుకున్నాడు. తరవాత లైబ్రేరియన్. ఆ తరవాత మెత్త కుర్చీతో సహా ప్రిన్సిపాల్. క్యాంటీన్లో వేపుళ్లు లాగించి వచ్చి, గుండెనిండా గాలి పీల్చుకునేవారు. ఇంతమంది తోడు దొరికినందుకేమో, ఎలుకలు మాత్రం ఒకదాని మీద ఒకటి తలపెట్టి హాయిగా నిద్రపోయేవి. శుక్రవారం విలేకరులను పిలుస్తున్నామని ప్రిన్సిపాల్ ప్రకటించారు. ఆమెకు తిండి సయించలేదు. అబద్ధమని తేలితే డిగ్రీతో పాటు పరువూ పోతుంది.

"మీరైనా చెప్పండి మాస్టారూ, వాసనకి తగ్గుతుందా?"

"చూద్దాం తల్లీ," అన్నారాయన, కిటికీ వైపు తిరిగి.

శుక్రవారం విలేకరుల కన్నా ముందు మాస్టారి భార్య దిగింది.

"ఏమండీ, డాక్టరు ఫోన్ చేశాడు. నెల్లాళ్లుగా చప్పిడి తిండి పెడుతుంటే మీ కొలెస్ట్రాల్ అలా పెరిగిందేంటి?"

"కంగారు పడకండమ్మా. రోజూ ఈ గదిలో కూర్చోమనండి, అదే దిగుతుంది," అన్నారు ప్రిన్సిపాల్.

"పొద్దస్తమానం ఈయనుండేది ఈ గదిలోనే కదండీ!"

అకౌంటెంట్ పీల్చిన గాలి సగంలో వదిలేశాడు. ప్రిన్సిపాల్ అమ్మాయి వైపు తిరిగారు.

"అయితే ఇదంతా నీ కల్పనా?"

ఆమె కళ్లు నిండాయి.

"దాన్ననకండి," అన్నారు మాస్టారు. "వెన్న నేను తిన్నాను."

"ఎలుకల వెన్నా!" అంది భార్య.

"బరువు తేడా రాకుండా అంతకంతా ఉడికించిన బంగాళాదుంప కలిపాను. రంగు కూడా సరిపోయింది."

"నన్నడగలేకపోయారూ?"

"అడిగితే ఇచ్చేదానివా?"

 ఆవిడ తన చేతిరుమాలు తీసి అమ్మాయికిచ్చింది.

గేటు దగ్గర కారు హారన్ మోగింది. "వాళ్లకేం చెప్పను?" అన్నారు ప్రిన్సిపాల్, నీరసంగా.

"ప్రయోగం పూర్తికాలేదని చెప్పండి సార్. మళ్లీ మొదట్నుంచి చేస్తాను. గడువిస్తే చాలు," అంది ఆమె కళ్లు తుడుచుకుని.

ప్రిన్సిపాల్‌కు తను తిన్న వేపుళ్లన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి. ఛాతీ రుద్దుకున్నారు.

"మూడు నెలలు తీసుకో. స్కాలర్‌షిప్ సంగతి నేను చూస్తాను. కానీ నేనిక్కడ కుర్చీ వేసుకున్న విషయం..."

"ఏ కుర్చీ సార్?"

సాయంత్రానికి కుర్చీలన్నీ చప్పుడు లేకుండా వెళ్లిపోయాయి. కొత్త వెన్న తెప్పించి దాణా ఆమే కలిపింది. రెండు బోన్లలోనూ ఎలుకలు మీసాలు నాక్కుంటూ తింటుంటే చూడలేక, మాస్టారు ఆ రాత్రికి మెల్లగా తలుపు మూసి ఇంటికి బయల్దేరారు.