పొడి రాలని మద్దితోపు

ఒక పెద్ద అడవిలో, కాగితాల మీద పెద్దది కాదు, నిజంగానే పెద్దదైన అడవిలో, వాగు ఒడ్డున ఒక మద్దితోపు ఉండేది. ఎండాకాలం జంతువులన్నిటికీ అదే నీడ.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మద్దిచెట్ల మొదళ్లలో రంపపుపొట్టులాంటి పొడి రాలడం మొదలైంది. బలమైన చెట్టయితే పురుగు తొలిచిన చోట జిగురు ఊరి పురుగును ముంచేస్తుంది. ఇది మాకు కాలేజీలో చెప్పారు. పరీక్షలో మాత్రం రాలేదు. సరే, నీళ్లు లేని చెట్టుకు జిగురెక్కడిది?

ఆ తోపులోనే గూడు కట్టుకున్న వడ్రంగిపిట్ట ఎగిరొచ్చి అడవిసభలో వాలింది.

“అధ్యక్షా, చెట్లకు పురుగు పట్టింది. తోపులో ఆకులు ఊడ్చడం ఆపించండి. ఆకులుంటే నేలలో తేమ నిలుస్తుంది, తేమ ఉంటే చెట్టు తట్టుకుంటుంది.”

పారిశుద్ధ్యం నెమలిది. తోకతో నేల అద్దంలా ఊడ్చి, దానిమీద ఆడటం అతని సరదా.

“ఆకులు వదిలేస్తే అడవిలా ఉంటుందండీ!” అన్నాడు అసహ్యంగా.

“మరి ఇదేమిటి నాయనా?” అంది పిట్ట.

అధ్యక్షుడు ఏనుగు తొండమెత్తి ఇద్దరినీ ఆపాడు. ఎన్నికలో తనమీద ఎవరూ పోటీ చేయనిది తన న్యాయబుద్ధి చూసేనని ఆయన నమ్మకం. బరువు కూడా కొంత కారణమే.

“పురుగు కంటికి కనపడదు, పొడి కనపడుతుంది. కనక కింద పొడి లేని చెట్టు ఆరోగ్యమైన చెట్టు. నెమలిగారూ, ఇక తోపులో పొడి ఉండకూడదు.”

“చిత్తం.”

నెమలి రోజుకు మూడుసార్లు ఊడ్చాడు. పొడితోపాటు మిగిలిన ఆకులూ పోయాయి. నేల పెంకులా ఎండింది. పురుగులు పెరిగాయి. పొడి ఇంకా రాలింది. నెమలి ఆరుసార్లు ఊడ్చాడు.

ఉండబట్టలేక పిట్ట ఒక పురుగును ముక్కున కరిచి సభకు తెచ్చింది.

“ఎలా తీశావు?” అడిగాడు ఏనుగు.

“చెట్టును పొడిచి తీశాను.”

“పొడిస్తే పొడి రాలిందా?”

“రాలదూ మరి!”

“అదీ సంగతి! ఇన్నాళ్లూ పొడి రాలుస్తున్నది నువ్వన్నమాట. నేటినుంచి నువ్వు తోపులో అడుగు పెట్టడానికి వీల్లేదు.”

“అయ్యా, గూట్లో మూడు గుడ్లున్నాయి!”

“గుడ్లకు నిషేధం వర్తించదు. అవి ఉండొచ్చు.”

మర్నాడే తోపులో నెమలికి సన్మానం. నేలమీద రవ్వంత పొడి లేదు. మాట్లాడి మాట్లాడి ఏనుగుకు వీపు దురద పుట్టింది. పక్కనున్న మద్దిచెట్టు దగ్గరకు జరిగాడు.

“ఆనుకోకండి! నా గూడు!” వాగు అవతలినుంచి పిట్ట కేకేసింది.

“సభలో అరుపులేమిటి?” అంటూ ఏనుగు ఆనుకున్నాడు.

చెట్టు పెటిల్లున విరిగింది. లోపల చేవ లేదు, అంతా బస్తాలకొద్దీ పొడే. ఏనుగు పొడిలో మునిగి తుమ్ముతూ లేచాడు.

“నెమలిగారూ, ఏమిటిదంతా?”

“ఇది చెట్టు లోపలి పొడండీ. నా పరిధి నేలవరకే.”

పిట్ట వాగు దాటి వచ్చి ఆ కుప్పలో చాలాసేపు వెతికింది. పెంకులు దొరికాయి.

ఆనాటి సభా నివేదికలో రెండు వాక్యాలున్నాయి: గాలికి ఒక చెట్టు పడింది. వడ్రంగిపిట్ట నిషేధం ఉల్లంఘించింది.

నీతి: చెట్టు కింద శుభ్రంగా ఉన్నంతకాలం చెట్టు గురించి దిగులు పడనక్కర్లేదు.