ఆరు గంటలండీ!

ఆ సోమవారం పొద్దున్న హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం గారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటి బస్సుకి, జిల్లాకి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు దిగుతారు. పెసరట్టూ ఉప్మా తింటారు. ఎనిమిదో తరగతిలో అయిదు లెక్కలడుగుతారు. ఏ ఇన్‌స్పెక్టరొచ్చినా ఏటా అడిగేవి ఆ అయిదే! జవాబులు పిల్లలు నెల రోజులుగా వరసన బట్టీ పట్టి ఉన్నారు. మొదటిది రెండు కుళాయిల నీటితొట్టి లెక్క. జవాబు ఆరు గంటలు.

పథకంలో ఇమడని మనిషి డ్రాయింగు టీచరు మీనాకుమారి ఒక్కతే. ఆ పోస్టు అవసరమో కాదో ఈసారి తేల్చి రాయమని ఇన్‌స్పెక్టరుకి పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. అక్కర్లేదని రాశారా, ఆవిడ ఉద్యోగం ఊడినట్టే.

"మీరు ఆరో తరగతిని తీసుకుని వెనక పాకలో కూర్చోండమ్మా. ఆయన కంటపడకండి. బొమ్మలు అన్నం పెడతాయా చెప్పండి?" అన్నారు హెడ్మాస్టరు. చెడ్డవాడు కాదు పాపం, లెక్కలవాడు.

"నాకు పెడుతున్నవి అవేనండీ," అని మీనాకుమారి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

పదింటికి బస్సు ఆగింది. తోలుసంచీ, కళ్ళజోడు ఉన్న ఒకాయన గేటులోకి వచ్చి, "ఏమండీ, కాసిని మంచి..." అన్నాడు.

"మాటలు తరవాతండీ! ముందు ఫలహారం," అంటూ హెడ్మాస్టరు ఆయన్ని కుర్చీలో కూలేశారు. గుమ్మంలోకొచ్చిన మనిషిని తినడానికి పెట్టకముందే పేరూ ఊరూ అడగడం గోదావరి జిల్లాల్లో మహాపాపం. "అది కాదండీ" అంటే రెండో పెసరట్టు పడింది. "చాలండీ" అంటే మూడోది. "బస్సండీ" అనేసరికి నాలుగోదానిమీద ఉప్మా కూడా పడింది. ఆ మీదట ఆయన మాట్లాడ్డం మానేసి తినడం మొదలెట్టాడు.

తిన్నాక ఎనిమిదో తరగతిలోకి లాక్కెళ్ళి, "అడగండి సార్, ఏదైనా అడగండి!" అన్నారు హెడ్మాస్టరు.

ఏమడగాలో తోచక ఆయన ముందు బెంచీ పిల్లని, "నీ పేరేంటమ్మా?" అన్నాడు.

"ఆరు గంటలండీ!"

"మరి నీదే ఊరమ్మా?" అన్నాడు పక్కపిల్లని.

"పన్నెండుమంది కూలీలండీ!"

ఆయన హడలిపోయాడు. "మాస్టారూ, నేను రాజమండ్రిలో గడియారాలు బాగుచేసుకునేవాణ్ణండీ. బస్సు టైరు మారుస్తుంటే మంచినీళ్ళకొచ్చాను. మీ స్కూలుకని గొడుగు పట్టుకుని ఓ పెద్దాయన దిగారు. వెనక గేటు వైపు వెళ్ళారు!"

ఓరి నాయనో! లక్ష్మీనరసింహం గారు పంచె ఎగ్గట్టి పాకకేసి పరుగు తీశారు.

అక్కడ గొడుగు పెద్దాయన స్టూలుమీద కదలకుండా కూర్చున్నారు. ఎవరి తాతగారో అనుకుని మీనాకుమారి, పిల్లలు బొమ్మ వేసుకుంటారని ఆయన్ని కూర్చోబెట్టింది.

"ఇన్‌స్పెక్టరు గారూ!" అన్న కేక వినబడగానే ఆవిడ చేతిలో సుద్దముక్క జారింది. "అయ్యో, నా ఉద్యోగం!" అనేసింది పైకే.

"గట్టిగా అరవకండి," అన్నారాయన పెదవి కదపకుండా. "మీసం వేస్తున్నారు."

బొమ్మ పూర్తయ్యాక ఆయన ఎనిమిదో తరగతిని కూడా అక్కడికే రప్పించారు. "తొట్టికి అడుగున చిల్లుంది. రెండు కుళాయిలూ తిప్పాం. ఎలా నింపుతారు?"

"ఆరు గంటలండీ!" అని ఎనిమిదో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నారు.

ఆరో తరగతి బుజ్జమ్మ మాత్రం పలకమీద తొట్టి గీసుకుని, చిల్లు పెట్టుకుని, కాసేపు దానికేసి చూసింది. "ముందు చిల్లులో గుడ్డ కుక్కుతానండీ. మా అమ్మ కుడితికుండకి అలాగే చేస్తుంది."

ఇన్‌స్పెక్టరు గారు పడీపడీ నవ్వారు. "పాతికేళ్ళుగా తొట్టి లెక్కలడుగుతున్నానమ్మా. చిల్లు మూయొచ్చని నాకే తట్టలేదు!"

పదిహేను రోజులకి రిపోర్టు వచ్చింది. డ్రాయింగు పోస్టు ఉండి తీరాలి. హెడ్మాస్టరు కూడా వారానికో పీరియడు ఆ క్లాసులో కూర్చోవాలి. లక్ష్మీనరసింహం గారు స్వయంగా వెళ్ళి, "పొరపాటు నాదేనమ్మా, మనసులో పెట్టుకోకండి," అన్నారు. మీనాకుమారి నవ్వుతూ ఆయన చేతికో పలక ఇచ్చింది.

మొదటి వారం ఆయన గేదె బొమ్మ గీశారు. పిల్లల్లో సగం మంది అది హార్మనీ పెట్టె అన్నారు. పెద్దవారు కదా అని మీనాకుమారి ముప్పై అయిదు మార్కులు వేసి పాస్ చేసింది.