చిన్నాన్నకు ఒంట్లో బాగాలేదు

ఆ రోజు కండక్టర్ సెలవు పెట్టింది విశ్రాంతి కోసం కాదు, పేదవాడిలా కనబడటం కోసం. పదింటికి సర్వే మనిషి వస్తుందని ముందే కబురొచ్చింది. జనం ఏం తింటున్నారో, ఎంత ఖర్చు పెడుతున్నారో, ఇంట్లో ఏమేం ఉన్నాయో ప్రభుత్వం ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటోందట. వచ్చే నెల తల్లికి మోకాలి ఆపరేషన్. అది జరగాల్సింది ప్రభుత్వ వైద్యసాయం కార్డు మీద. ఫ్రిజ్, టీవీ కంటబడితే "మీకేం, బాగానే ఉన్నారుగా" అని ఆ కార్డు కాస్తా పీకేస్తారని అతని బెంగ.

"ఏమండీ, ముందు ఎవరినైనా కనుక్కోకూడదూ?" అంది భార్య, ఫ్రిజ్‌లోంచి పాలగిన్నె బయటికి తీస్తూ.

"కనుక్కుంటే అనుమానపడతారే. నువ్వు ముందు దాన్ని ఖాళీ చెయ్యి."

కింది వాటా మాస్టారు ఫ్రిజ్‌ను తన ఇంట్లో దాచడానికి ఒప్పుకోవడమే కాక, ఒక చెయ్యి వేయడానికి కూడా వచ్చారు. మెట్ల మలుపు దాకా అది బుద్ధిగానే దిగింది. అక్కడ ఇరుక్కుంది. పైన కండక్టర్, కింద మాస్టారు, మధ్యలో ఫ్రిజ్. అటూ కదలదు, ఇటూ కదలదు. సరిగ్గా అప్పుడే మాస్టారి వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"కండక్టర్ గారిల్లు ఇదేనాండీ? సర్వేకి వచ్చాను."

కండక్టర్ ఫ్రిజ్ మీంచి తల బయటపెట్టాడు. "ఇదేనండీ! కానీ ఈ ఫ్రిజ్ మాత్రం మాది కాదు. మాస్టారిది. రిపేరుకి ఇచ్చారు."

"ఓహో, రిపేర్లు కూడా చేస్తారా?"

అతను నోరు తెరిచేలోపు మాస్టారు అడ్డుపడి స్నేహధర్మం పాటించారు. "భలేవారే! ఈ వీధిలో ఫ్రిజ్‌లన్నీ ఆడుతున్నాయంటే ఈయన చలవేనండీ."

"అయితే రెండో ఆదాయం ఉందన్నమాట," అంటూ ఆ అమ్మాయి ట్యాబ్ మీద ఏదో నొక్కింది. ఫ్రిజ్ ఎంత బరువో కండక్టర్‌కి అప్పుడు తెలిసింది.

నానా తంటాలూ పడి దాన్ని కిందికి చేర్చి, ఆమెను పైకి తీసుకెళ్లాడు. టీవీని ఎక్కడ దాచాలో తోచని భార్య ఈలోగా దాన్ని మంచం మీద పడుకోబెట్టి, నిండా దుప్పటి కప్పేసింది. నమ్మకంగా ఉండాలని ఒక దిండు కూడా పెట్టింది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అమ్మ."

ఆ అమ్మాయి మంచం వైపు చూసింది. "మరి ఆయన?"

"మా... మా చిన్నాన్న. చూసిపోదామని వచ్చారు. ఒంట్లో బాగాలేదు."

"అయ్యో! మందులకి ఎంతవుతోందండీ?"

"పైసా కూడా పెట్టడం లేదండీ," అన్నాడు కండక్టర్, పేదరికం బాగా కుదిరిందని సంబరపడుతూ. "ఊరికే అలా పడుకోబెట్టేశాం."

ఆ అమ్మాయి ట్యాబ్ పక్కన పెట్టేసింది. "ఆయన ఊపిరి తీసుకుంటున్నట్టు లేదండీ!"

"ఆయన మొదటి నుంచీ అంతేనమ్మా," అంది భార్య.

"అంతేనేమిటండీ! ఉండండి, అంబులెన్స్ పిలుస్తాను," అంటూ ఆమె ఫోన్ తీసింది. ఆ హడావిడికి లోపలి గదిలోంచి తల్లి గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

"ఎవరికిరా అంబులెన్సు?"

"వాళ్ల చిన్నాన్న గారికండీ."

"చిన్నాన్నేమిటి? మీ నాన్నకి తమ్ముళ్లెవర్రా?" అంటూ ఆవిడ దుప్పటి లాగేసింది. టీవీ వెల్లకిలా పడుకుని ఉంది. దాని గుండెల మీద రిమోట్ ఉంది.

కండక్టర్ స్టూలు మీద కూలబడ్డాడు. "తప్పయిపోయింది మేడమ్. ఆ ఫ్రిజ్ కూడా మాదే. నాకు రిపేరూ రాదు, పాడూ రాదు. నన్నేం చేసినా సరే, అమ్మ కార్డు మాత్రం తీసెయ్యకండి. నడవలేకపోతోంది, చూస్తున్నారుగా."

ఆ అమ్మాయి నవ్వాపుకుని, మెల్లగా చెప్పింది. "కార్డుకీ దీనికీ ఏ సంబంధమూ లేదండీ. మీ పేరు కూడా బయటికి రాదు. వేల ఇళ్లలో అడిగినవన్నీ కలిపి, మొత్తమ్మీద జనం ఎలా బతుకుతున్నారో లెక్క కడతారు, అంతే. మీరిలా దాచేస్తేనే ఆ లెక్క తప్పుతుంది."

"అయితే ఆపరేషన్..."

"నిక్షేపంగా చేయించుకోండి."

కండక్టర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. తల్లి టీవీ పక్కనే మంచం మీద కూర్చుని కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత అతన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, అటక మీది విరిగిన ఫ్యాను, ఒక్కటీ వదలకుండా చెప్పుకొచ్చాడు. చివరికి ఆ అమ్మాయే "చాలండీ బాబూ" అని దండం పెట్టింది.

"ఆఖరి ప్రశ్న. మీ జీవితం మీకెంత బాగుందనిపిస్తోంది? సున్నా నుంచి పది దాకా ఎంతయినా చెప్పొచ్చు."

"పది!"

"ఇంతవరకూ ఎవరూ పది చెప్పలేదండీ."

"పదకొండు ఉంటే అదే వేసుకోండి."

"మీకండీ?" అని ఆమె భార్య వైపు తిరిగింది. భార్య నేల మీద పరిచిన కూరగాయల వైపు చూసింది. కరిగి గుమ్మం దాకా పారుతున్న ఐసు నీళ్ల వైపు చూసింది. ఆపైన మెట్ల వైపు చూసింది.

"నాలుగు."

భార్యాభర్తల సగటు ఏడు, కాబట్టి ఇద్దరూ సుఖంగానే ఉన్నారని ట్యాబ్ తేల్చేసింది.