టైమింగ్ బెల్టూ, వయసు తగ్గిన మా బండీ

డీజిల్ బండ్లున్న అమ్మలారా, అయ్యలారా, టైమింగ్ బెల్టు మార్చకండి! అసలు మార్చాల్సిన అవసరమే రాకుండా చేసే మందు మా ఇంట్లో ఉంది. బండి కిలోమీటర్లు వెనక్కి తిప్పించడం!

నవ్వకండి. నేను ఆరో తరగతితో ఆగిపోయినదాన్నే కానీ ఈపాటి లెక్క నాకూ వచ్చు. బెల్టు లక్షా ఇరవై వేల కిలోమీటర్లకి మార్చాలని బండితో ఇచ్చిన పుస్తకంలో రాసుంది. బండి అంత దూరం తిరగకపోతే? మార్చనక్కర్లేదు. ఎప్పటికీ అంత దూరం తిరగనట్టే చూసుకుంటే? ఎప్పటికీ మార్చనక్కర్లేదు! ఇంత చిన్న సంగతి ఇంజనీర్లకి తట్టలేదంటే వాళ్ళవి ఏం చదువులు చెప్పండి?

మా ఆయన ఎవెలియోకి తట్టింది. ఫిబ్రవరిలో మా డీజిల్ వ్యాను అమ్మేద్దామనుకున్నాడు. రెండు లక్షల నలభై ఒక్క వేలు తిరిగిన బండి. పొద్దున్నే ఎక్కడికో తోలుకెళ్ళాడు. మధ్యాహ్నం కునుకు వేళకి తిరిగొచ్చేసరికి మీటరు మీద తొంభై ఎనిమిది వేలు! ఒక్క పూటలో లక్షా నలభై మూడు వేల కిలోమీటర్ల అలసట పోయింది. ఆ పనివాడు మోకాళ్ళకి కూడా ఏమైనా చేస్తాడేమో కనుక్కుని రమ్మన్నాను. ఆయన నవ్వాడు. నేను నిజంగానే అడిగాను.

కొంటానన్నవాడు రాలేదు. మార్చిలో స్కూళ్ళు తెరిచారు. మా అమ్మాయి యానినాకి పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. పోను నలభై, రాను నలభై కిలోమీటర్లు. బస్సు లేదు. ఉన్నది పోయే బండ్లకొక వరస, వచ్చే బండ్లకొక వరస మాత్రమే పట్టే రోడ్డు. దాని నిండా సోయా లారీలు. వ్యాను పిల్లకే ఇచ్చాం.

నాలుగేళ్ళు వేరే ఊళ్ళో చదువుకుని వచ్చిన పిల్ల, దానికేం తెలుసు? మీటరు చూసింది, పుస్తకం తిరగేసింది.

"బెల్టుకి ఇంకా ఏడాదిన్నర టైముంది నాన్నా."

"అవును తల్లీ," అన్నాడు మా ఆయన.

ఆ బెల్టు మేము లక్ష దగ్గర వేయించింది. అప్పటినుంచి లక్షా నలభై వేలకి పైనే తిరిగింది. పోవాల్సిన కాలం ఎప్పుడో దాటిపోయింది. ఇది తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరం. అందులో ఒకరు నెల తిరిగేసరికి మర్చిపోయారు! మా ఆయన మాతే ఆకు టీ తాగే సొరకాయ బుర్ర చేత్తో పట్టుకుని, కిటికీలోంచి బండిని చూసి, "లక్ష కూడా కాలేదే ముసలీ, ముత్యంలా ఉంది," అన్నాడు. ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి నమ్మించడానికి చెప్పిన అబద్ధం, కొనేవాడు రాకపోయేసరికి, చెప్పినాయనే కొనుక్కున్నాడు.

అయినా ఆయన్నొక్కణ్ణీ అని ఏం లాభం? మన ఊళ్ళో లక్ష దాటిన బండి ఎవరైనా చూశారా? స్టేషను దగ్గర టాక్సీ ఇరవై రెండేళ్ళుగా ఎనభై ఏడు వేల దగ్గరే ఉంది. డ్రైవరుకి జుట్టు నెరిసింది, పళ్ళు ఊడాయి, ముగ్గురు మనవలు పుట్టారు. బండి మాత్రం పెళ్ళికొడుకు! ఇక అమ్మకానికొచ్చే ప్రతి బండీ ఎవరో పెద్దావిడ ఆదివారం చర్చికి మాత్రమే నడిపినదట. అంతమంది పెద్దావిడలు బండ్లేసుకుని వస్తే మన చర్చి ముందు ఫుట్‌బాల్ మైదానమైనా చాలుతుందా? ఆదివారం నేను వెళ్తూనే ఉన్నాను. అక్కడ నేనూ, ఫాదరూ, ఒక కుక్క.

ఇక బెల్టు మంచితనం చెబుతా వినండి. జ్వరం ఒళ్ళు కాలి చెబుతుంది. వాన మబ్బు పట్టి చెబుతుంది. మా ఆయన కోపం గుమ్మంలోనే చెబుతుంది. బెల్టు ఏమీ చెప్పదు! అరవదు, కీచుమనదు, పొగ రానివ్వదు. ఇంజను లోపల పళ్ళున్న రబ్బరు పట్టీ అది. దాని ఆజ్ఞ ప్రకారమే కింది పిస్టన్లు పైకి, పై వాల్వులు కిందికి ఆడతాయి. అది తెగిందా, అన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇంజను అక్కడికక్కడే చచ్చిపోతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది. అప్పుడు మీరు లారీని దాటుతున్నారా, చెట్టు కింద ఆగి ఉన్నారా అని అది అడగదు. ఇంత మర్యాదస్తురాలు ఇంకెక్కడైనా ఉందా?

నాకైతే ఇది గొప్ప ఓదార్పు. ముప్పై ఏళ్ళుగా నేను "ఉన్నట్టుండి ఏదో అవుతుంది" అంటుంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఇదిగో, ఉన్నట్టుండి అయ్యేది ఒకటి దొరికింది!

కానీ చిక్కేమిటంటే, ముప్పై ఏళ్ళు భయపడ్డదాని మాట ముప్పై ఒకటో ఏడు ఎవరు వింటారు? యానినా పుట్టినప్పుడు ఉయ్యాల తాడుకి భయపడ్డాను. తర్వాత ద్రాక్ష గింజకి, ఈతకి, పిడుగులకి, ఫోను చార్జరుకి. ఒక్కటీ ఏమీ చేయలేదు. నా దగ్గర ఉన్న భయమంతా అలా ఖర్చయిపోయింది.

నిజం చెప్పకుండా బెల్టు మార్పించాలని ఎన్ని తిప్పలు పడ్డానో! కలొచ్చిందన్నాను. చప్పుడు వినిపిస్తోందన్నాను. బంపరు కింద దిష్టికి కట్టిన ఎర్ర రిబ్బనుకి తోడు ఇంకో రెండు కట్టాను. దారిలో బండ్లవాళ్ళని కాపాడతాడనే గౌచితో సాధువు గుడి దగ్గర హారను మూడుసార్లు కొట్టి పొమ్మన్నాను.

"అమ్మా, బెల్టుకి మొక్కులేంటే? నీకు గాలన్నా భయమే," అని ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

నిజం చెప్పొచ్చు కదా అంటారా? చెబితే మొగుడి పరువు పోతుంది. కూతురు తండ్రిని చూసే చూపు మారిపోతుంది. చెప్పకపోతే ఒక్క కూతురే కదా పోయేది! ఇలాంటి లెక్కలు చేస్తూ నాలుగు నెలలు గడిపిన తల్లిని నేను. మెచ్చుకోండి.

జూలైలో ఇంజను ఆయిల్ మార్పించడానికి మెకానిక్ డాన్ అర్సేనియో షెడ్డుకి వెళ్తానంది యానినా. నేనూ బయల్దేరాను. నేను బయల్దేరానని ఎవెలియో కూడా ఎక్కాడు, ఒళ్ళో తీపి రొట్టెల పొట్లం పెట్టుకుని.

డాన్ అర్సేనియో ముందు మీటరు చూశాడు. లక్షా నాలుగు వేలు. తర్వాత వంగి క్లచ్ పెడలు మీద రబ్బరు చూశాడు. అది అరిగి అరిగి కింద ఇనుము మెరుస్తోంది.

"లక్షా నాలుగు వేలకి ఇంత అరిగిందా? ఏమయ్యా ఎవెలియో, మీ అమ్మాయి ఇనుప బూట్లేసుకుని నడుపుతోందా?"

"పల్లె రోడ్లు కదా, దుమ్ము," అన్నాడు మా ఆయన.

"దుమ్ము పెడల్ని తింటుందా?"

"మన దగ్గర దుమ్ము అలాంటిది."

"బెల్టు, దాన్ని బిగించి పట్టే టెన్షనరు, వాటర్ పంపు అన్నీ ఒకేసారి మార్చేస్తే మేలు. ఒకటి మార్చినా పై కవరు విప్పాల్సిందే."

"అవన్నీ ఇప్పుడెందుకు? ఇంకా పదహారు వేలుంది కదా," అంది యానినా. దాని తప్పేముంది? కళ్ళెదుట అంకె ఉంది.

మా ఆయన నా వైపు చూశాడు. బతిమాలే చూపు. ఆ చూపుకే నేను ఇరవై తొమ్మిదేళ్ళ కిందట పెళ్ళికి ఒప్పుకున్నాను.

"రెండు లక్షల నలభై ఏడు వేలు," అన్నాను.

డాన్ అర్సేనియో మా పొట్లంలోని రొట్టె కొరకబోయి ఆగాడు.

"అమ్మా, ఏంటీ?"

"మీ నాన్న తిప్పించాడు తల్లీ. ఎవడికో అమ్ముదామని. నాకు తెలుసు."

యానినా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నేను నిజంగా ఇరవై ఆరేళ్ళదాన్నేనా? లేక నాకూ తిప్పించావా?"

అర్సేనియో నవ్వాడు. దాని మొహం మాత్రం నవ్వలేదు.

కవరు విప్పారు. బెల్టు వెనక వైపంతా ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు. ఒకచోట మూడు పళ్ళు సగం తెగి వేలాడుతున్నాయి. అర్సేనియో దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకే వెటకారమూ ఆడలేదు. యానినా ఆ పగుళ్ళలో గోరు పెట్టి చూసింది.

"నిన్న నేను వరసగా రెండు లారీల్ని దాటాను," అంది.

బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు అన్నీ మార్చారు. నా పిల్ల బతికుంది. పరువు సంగతంటారా, పోయింది. ఇప్పుడు కెఫేలో మా ఆయన్ని "ఏం ఎవెలియో, ఈ ఏడు నీకు పదిహేడు నిండుతాయా?" అని అడుగుతున్నారు. పది రోజులు నాతో మాట్లాడలేదు. మాతే మాత్రం కలిపి ఇచ్చేవాడు, మొహం పక్కకి పెట్టి.

అయితే పోయిన వారం ఒక పొద్దున, మాతే బుర్ర నా చేతికిస్తూ నోరు విప్పాడు. "ముసలీ. ఆ గ్రే బండి."

అంతే అన్నాడు. నాకర్థమైంది. రెండేళ్ళ కిందట చనిపోయిన మరిది కారు. అదీ డీజిలే. దాని మీటరూ తిప్పించే, పక్క ఊళ్ళో పాత కార్ల షెడ్డులో పెట్టి అమ్మాం. ఆ షెడ్డువాడు దుకాణం ఎత్తేశాడు. కొన్నావిడ పేరేంటో, ఎక్కడుంటుందో మాకు తెలీదు. కానీ ఆవిడ వచ్చిన రోజు మేము అక్కడే ఉన్నాం. ఒళ్ళో కూర్చున్న పాప హారను నొక్కి నొక్కి నవ్వుతుంటే, "డెబ్భై ఐదు వేలేనా, నా అదృష్టం," అంది ఆవిడ. నేను కూడా నవ్వాను.

షెడ్డువాణ్ణి వెతకడానికి మా ఆయన ఆ ఊరికి మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ ఒట్టి చేతులతో వచ్చాడు. అందుకే ఇదంతా రాశాను.

అమ్మా, నీ పేరు నాకు తెలీదు. గ్రే రంగు కారు, ఎడమ తలుపు కింద అరచేతంత సొట్ట. మీటరు మీద ఉన్న అంకెకి లక్షా ముప్పై వేలు కలుపుకో. చప్పుడేమీ రావడం లేదని ఆగొద్దు. పాపని ఇంట్లో దింపి, నువ్వొక్కదానివే మెల్లగా మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళు.