మా సుందరిని ఫెయిలు సేసీండి బాబూ!

లోకంలో ఎన్ని సర్కార్లు లేవు! కానీ ఫెయిలు అన్న మాటని ఊరి పొలిమేర దాటించిన ఘనత మాత్రం కలకత్తాని ఏలుతున్న ఎర్రజెండా సర్కారుకే దక్కింది. దోమల్ని వెళ్ళగొట్టలేకపోయారు. లోడ్‌షెడ్డింగుని వెళ్ళగొట్టలేకపోయారు. ఫెయిలుని మాత్రం ఒకే ఒక్క సర్క్యులరుతో మెడపట్టి గెంటేశారు! ప్రైమరీ బడిలో చేరిన ప్రతి బిడ్డా పాసే. ఏడాది తిరిగేసరికి పై క్లాసుకి పోవలసిందే. పోనని మొండికేసినా వినరు.

దీనివల్ల ఎన్ని లాభాలో ఎప్పుడైనా ఆలోచించారా? తండ్రుల బెల్టులు మళ్ళీ వాళ్ళ ప్యాంట్ల మీదికి చేరాయి. పిల్లాడు గట్టెక్కితే తలనీలాలిస్తామని మొక్కుకునే తల్లులు లేక సింహాచలం అప్పన్నకి రాబడి తగ్గింది. కార్పొరేషన్ క్వార్టర్సులో కోదండం కొడుకు విశ్వకర్మ పూజనాడు గాలిపటం ఎగరెయ్యడానికి మేడెక్కి, పరీక్షలయ్యాక గానీ కిందికి దిగలేదు. పాస్! బైరాగి కూతురు పరీక్షల వారమంతా శ్రీకాకుళంలో మేనత్త పెళ్ళిలో లడ్డూలు తింటూ కూర్చుంది. పాస్! బడి వరండాలో రోజూ వచ్చి పడుకునే మేక ఒకటుంది. దాని పేరు రిజిస్టరులో లేదు గనక సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి అదీ నాలుగో తరగతి గట్టెక్కేది.

ఇంత చల్లగా నడుస్తున్న రాజ్యంలో ఒక్క మనిషికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆమె పేరు సన్యాసమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనిలో కుదిరిన మనిషి. ఏడాది చివర ఓ రోజు తన వాటా వీధులు ఊడ్చి, ఇంటికొచ్చి ఇంత గంజి తాగి, కొంగు దులుపుకుని తిన్నగా బడికి నడిచింది. క్వార్టర్సు వెనకాల ఉన్న తెలుగు బడి అది. ఒకే గది, నాలుగు మూలలా నాలుగు తరగతులు, నడిమధ్యన అప్పలసూరి మేష్టారు.

"మా సుందరిని ఫెయిలు సేసీండి బాబూ!" అంది సన్యాసమ్మ.

మేష్టారి చేతిలో సుద్దముక్క జారి కింద పడింది. ఇరవై ఏళ్ళ నౌకరీలో పాస్ చెయ్యమని ఏడ్చిన వాళ్ళని చూశారు, పాస్ చెయ్యమని కోడిపుంజుని పట్టుకొచ్చిన వాళ్ళని చూశారు. ఇలాంటి కోరిక ఇదే మొదలు.

"మతి గానీ పోయిందా ఏటమ్మా? క్లాసు మొత్తానికి అదే కదా ఫస్టు!"

"అదే కదా బాబూ నా ఏడుపు!"

ఆ ఏడుపులో ఎంత న్యాయం ఉందో వినండి. తెలుగు బడి నాలుగో తరగతితో సరి. అయిదు కూడా తెలుగులోనే వెలగబెట్టాలంటే సంత్రాగాఛి దాటి రైల్లో ఖరగ్‌పూర్ దాకా పోవాలి. సుందరి తండ్రి నరసయ్య మాటంటే మాటే. "బడి ఉన్నన్నాళ్ళు బడికెల్తాది, బడి అయిపోనాక పనికెల్తాది" అని ఏనాడో తేల్చేశాడు. అతని అక్క జగ్గమ్మ అప్పుడే రెండు బెంగాలీ బాబుల ఇళ్ళు మాట్లాడి ఉంచింది, మేనకోడలు వెళ్ళి గిన్నెలు తోమడానికి. సుందరికి పదేళ్ళు. పాసైతే ఎంగిలి గిన్నెలు, ఫెయిలైతే ఇంకో ఏడాది పలకా పుస్తకం! పాసైతే దుఃఖం, ఫెయిలైతే సుఖం అనే ఈ ఏర్పాటు ఏ మేధావి బుర్రలో పుట్టిందో గానీ, సన్యాసమ్మకి మాత్రం క్షణంలో అర్థమైంది.

పక్క వీధిలో బెంగాలీ బడి లేదా అంటారేమో. ఉంది! సన్యాసమ్మ అక్కడికీ వెళ్ళింది. అక్కడి పెద్ద దీదీమణి, అంటే పెద్ద టీచరమ్మ, మంచి మనిషి. సుందరి గడగడా బెంగాలీ మాట్లాడుతుంటే మురిసిపోయింది. తీరా పుస్తకం తెరిచి చదవమంటే సుందరి తల వంచుకుంది. దానికి మాట వచ్చు గానీ అక్షరం రాదు. "అక్షరాలు నేర్పించి తీసుకురా మాషీ, మర్నాడే చేర్చుకుంటాను" అంది దీదీమణి. ఎవరు నేర్పాలన్నది మాత్రం ఆవిడా చెప్పలేదు.

పోనీ ఇంగ్లీషు మీద బతకొచ్చు కదా? ప్రైమరీలో ఇంగ్లీషుని సర్కారు ఎప్పుడో తీసేసింది. మాతృభాష తల్లిపాలతో సమానమని గోడల నిండా రాయించింది. ఎంత మంచి మాట! తల్లిపాలు ఎన్నాళ్ళిస్తారు మరి? ఓ వయసు రాగానే వేపాకు ముద్ద రాసి మాన్పించరూ? తెలుగు పిల్లలకి నాలుగో తరగతి చివర సర్కారు చేస్తున్నదీ అదే. తల్లిని తప్పు పడతామా!

అప్పలసూరి మేష్టారు బీరువాలోంచి ఫారం తీసి సన్యాసమ్మ ముందు పెట్టారు.

"చూడమ్మా. పేరుకి ఒక గడి, తండ్రి పేరుకి ఒక గడి, పాస్ అని ఒక గడి. ఫెయిలుకి గడే లేదు. నేనెక్కడ రాసేది?"

సన్యాసమ్మ ఫారాన్ని వెనక్కి తిప్పి చూసింది. "ఎనకాతల రాసీండి బాబూ, బోల్డు జాగా ఉంది."

మేష్టారు మెత్తని మనిషి. మర్నాడే గొడుగేసుకుని ఇన్‌స్పెక్టరు బాబు దగ్గరికి వెళ్ళి, ఒక్క పిల్లని ఫెయిలు చేసుకునే అనుమతి ఇప్పించమని చేతులు కట్టుకుని అడిగారు.

"ఏం, చదవదా?"

"బాగా చదువుతుందండీ."

"అల్లరిదా?"

"అబ్బే, బుద్ధిమంతురాలు."

"మరి ఎందుకయ్యా ఫెయిలు చెయ్యడం?"

"ఇంకా చదువుకుంటుందని..."

ఇన్‌స్పెక్టరు బాబు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మేష్టారి వైపు జాలిగా చూశాడు. "అప్పల బాబూ, ఓ వారం సెలవు పెట్టండి. పూరీ వెళ్ళి సముద్రపు గాలి పీల్చుకు రండి" అన్నాడు.

చివరికి దారి కనిపెట్టింది సన్యాసమ్మే. సుందరికి చెల్లెలు లేదు. లేకపోతేనేం, పుట్టించింది! కొత్త ఏడాది మొదటిరోజున అదే జడ, అదే గౌను, అదే పిల్లని చెయ్యి పట్టుకుని తెచ్చింది. "ఇది సుందరి సెల్లి నరసమ్మ. ఊరి నించి కొత్తగా వొచ్చింది. నాలుగులో రాసుకోండి బాబూ" అంది. మేష్టారు పిల్లని చూశారు, తల్లిని చూశారు, కిటికీలోంచి ఆకాశాన్ని చూసి రాసేశారు. సర్క్యులర్ల సంగతి తెలియని నరసయ్యకి మాత్రం సుందరి ఫెయిలైందని చెప్పారు. "తల్లి పోలికే, ఏటి సేస్తాం" అని అతను తృప్తిపడ్డాడు.

ఆ ఏడు పై ఆఫీసు నుంచి బడికి ప్రశంసాపత్రం వచ్చింది. బాలికల సంఖ్య పెంచినందుకట! అబద్ధమేముంది, ఒకటి పెరిగిన మాట నిజమే కదా. ఇంకో రెండు ఆకులు ఎక్కువ చదివి, మిగతా మూడు మూలల పిల్లలకీ తనే పాఠం చెప్పి, నరసమ్మ కూడా క్లాసు ఫస్టున పాసైంది. దాచడానికి తల్లి ట్రంకుపెట్టెలో రెండు సర్టిఫికెట్లయ్యాయి.

మూడో ఏడు ఇంకో చెల్లెల్ని పుట్టించబోతే మేష్టారు రెండు చేతులూ జోడించారు. "నా వల్ల కాదు తల్లీ. ఇన్‌స్పెక్టరు ఈసారి తనిఖీకొస్తే పిల్ల మొహం గుర్తుపడతాడు." జగ్గమ్మ కూడా ఊరుకోలేదు. "ఆ బాబులోల్లు ఇంకెన్నాళ్ళు ఆగుతారే?" అని గుమ్మంలో కూర్చుంది. పున్నమి వెళ్ళగానే పనిలో పెట్టాలని నరసయ్య తీర్మానించాడు. సన్యాసమ్మ ఆ వారం వీధులు ఊడుస్తుంటే చీపురు ఒకచోట, మనసు ఒకచోట.

సరిగ్గా అప్పుడే సర్కారు మళ్ళీ ఆదుకుంది! అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. డప్పులు మోగాయి, ఎర్రబట్టల మీద నినాదాలు వెలిశాయి, ఊరేగింపులు నడిచాయి. తొమ్మిదేళ్ళు దాటి చదువురాని వాళ్ళందరికీ వీధి వీధినా సాయంకాలం బడి. బెంగాలీ అక్షరాలు నేర్పుతారు, పలక ఉచితం, సుద్ద ఉచితం! పైగా కార్పొరేషన్ కుటుంబాలన్నీ కదలాలని యూనియన్ ఆఫీసు గట్టిగా చెప్పింది. యూనియన్ మాట నరసయ్యకి వేదం. "బడే కదా, ఎల్లనీ" అన్నాడు. జగ్గమ్మ గుమ్మంలోంచి లేచి వెళ్ళిపోయింది.

సన్యాసమ్మ కాళ్ళు నేల మీద ఆగలేదు. అక్షరాలొస్తే చాలు, మర్నాడే చేర్చుకుంటానన్న దీదీమణి పక్క వీధిలోనే ఉంది! పేర్లు రాసుకునే సాయంత్రం కూతురికి నున్నగా తల దువ్వి, రెండు సర్టిఫికెట్లలో సుందరి పేరున్నది ఏరి, దాన్ని నలగకుండా పట్టుకుని పేర్లు రాసే వీధి క్లబ్బు ముందు వరసలో నిలబడింది. బల్ల దగ్గర భుజాన గుడ్డసంచీ తగిలించుకున్న కాలేజీ దీదీ ఒకామె రిజిస్టరు పెట్టుకుని కూర్చుంది.

ముందున్నవాడి పేరు గురువులు, పదమూడేళ్ళవాడు. వాడికి అ అంటే తెలియదు, ఆ అంటే తెలియదు. కానీ నాలుగు పాస్! వాడి తండ్రి కొడుకు సర్టిఫికెట్టు గర్వంగా బల్ల మీద పెట్టాడు. దీదీ దాన్ని చదివి, "నీకు చదువొచ్చు బాబూ. ఇది చదువురాని వాళ్ళకి" అని తీయగా నవ్వి వెనక్కి పంపేసింది. వాడు ఎగురుకుంటూ ఫుట్‌బాల్ ఆడుకోవడానికి పోయాడు. ఎంత పక్కా ఏర్పాటు! చదువురాని వాడికి చదువొచ్చని సర్కారే రాసిచ్చాక, మళ్ళీ సర్కారే కాదంటే ఏం మర్యాద?

సన్యాసమ్మ చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపేసింది.

"పేరు?"

"సుందరి."

"పిల్లకి చదువొచ్చా మాషీ?"

రెండేళ్ళు రెండు పేర్లతో ఫస్టొచ్చిన పిల్ల తలెత్తి తల్లి మొహంలోకి చూసింది.

"రాదు దీదీ" అంది సన్యాసమ్మ. "ఒక్క ముక్క రాదు."

దీదీ రిజిస్టరు ముందుకి జరిపింది. సుందరి కలం అందుకుని గుండ్రంగా, అందంగా తన పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టబోయింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని కలం లాగేసింది. బొటనవేలు విప్పి ఇంకు దిండు మీద అద్ది, గడిలో గట్టిగా నొక్కింది.

"అమ్మా, నాకు రాయడం వొచ్చే!" అంది సుందరి తెలుగులో. దీదీకి తెలుగు రాదు, అంచేత మురిపెంగా తలూపి, చదువురాని వాళ్ళ లెక్కలో ఒకటి కలుపుకుంది.

సన్యాసమ్మ పక్కకి తీసుకొచ్చి, కూతురి వేలికున్న ఇంకుని కొంగుతో తుడిచింది. తన కళ్ళు కూడా అదే కొంగుతో తుడుచుకుంది.

"ఏడవకే అమ్మా" అంది. "ఇయ్యాల నీకు సదువు రాదు. రేపట్నించి నేర్పుతారు."