నిశ్శబ్దానంద స్వామి చెయ్యి

ఇరవై ఏళ్లుగా ఒక్క మాటైనా మాట్లాడని నిశ్శబ్దానంద స్వామివారు పరమపదించిన సందర్భంగా, కామారెడ్డి ఫంక్షన్ హాలులో సంతాప సభ పొద్దున మొదలై దీపాలు పెట్టే వేళ దాకా నిర్విరామంగా సాగింది. స్వామి తమతో ఏమేం అన్నారో వక్తలు కన్నీళ్లతో వివరించారు. ఒక మాజీ చైర్మన్‌కు బైపాస్ రోడ్డు గురించి సలహా ఇచ్చారట. ఒక రైస్‌మిల్లు యజమానికి రైతుల వడ్లలో తరుగు పేరుతో తూకం కోస్తే పాపం లేదని చెప్పారట. మౌనదీక్షలో ఉన్న మనిషి ఇవన్నీ ఎప్పుడు చెప్పారని ఎవరూ అడగలేదు. అడగడం సంతాపానికి మర్యాద కాదు.

లింగంపేట రాజ్‌కుమార్‌కు మాత్రం గుండె దడదడలాడుతోంది. జెడ్పీటీసీ టికెట్ ఇచ్చే పెద్దలంతా ముందు వరసలోనే ఉన్నారు. మైకు ఈ పూట చేజారితే మళ్లీ ఇంత పెద్ద చావు ఎప్పుడొస్తుందో తెలియదు. నిజానికి అతను స్వామి దగ్గరకు వెళ్లింది ఒక్కసారే, అదీ భార్య సుకన్య పోరు పడలేక.

మైకు అందగానే పూనకం వచ్చింది.

"స్వామి నాతోని మాట్లాడలే. అబద్ధమెందుకు చెప్తా? నన్ను చూసి గిట్ల చెయ్యి ఊపిండు!" అంటూ అరచేతిని పక్కకు విసిరి చూపించాడు. "అంటే ఏంది? 'ముందుకు పో బిడ్డా, జిల్లా అంత నీదే' అన్నట్టు!"

హాలు దద్దరిల్లింది. సభాధ్యక్షుడు బాలయ్య లేచి, సరిగ్గా అదే భంగిమలో ఎల్లారెడ్డి చౌరస్తాలో కంచు విగ్రహం పెడతామని అక్కడికక్కడే ప్రకటించారు. భక్తులు ఒకరికొకరు చెయ్యి విసురుకుంటూ ఇండ్లకు వెళ్లారు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ సుకన్య అంది: "ఆ దినం నువ్వు సామి ముంగట నిలవడి సెల్ఫీలు దిగవడితివి. నీ యెనుక ఒక ముసలవ్వ దండం పెట్టుకుందామని చూస్తున్నది. సామి చెయ్యి ఊపి నిన్ను పక్కకు జరుగుమన్నడు. నువ్వు జరగలే. మళ్ల ఊపిండు. అయినా జరగలే."

రాజ్‌కుమార్ ముద్ద కంచంలో పెట్టి గొంతు తగ్గించాడు.

"గీ ముచ్చట ఎవ్వలకన్న చెప్పినవా?"

"నన్ను ఎవరడిగిండ్రు?"

అతనికి లోపల సిగ్గులాంటిదేదో కదిలింది. చాలాకాలంగా వాడకంలో లేనిది కావడంతో గుర్తుపట్టలేక, అజీర్ణం అనుకుని సోడా తాగాడు. అయినా తగ్గలేదు. తెల్లారి బాలయ్య దగ్గరకు పోయి, "అన్నా, విగ్రహానికి చేతులు జోడించినట్టు పెడితే మంచిగుంటదేమో," అని నసిగాడు.

"చెయ్యి అర్థం మారితే నీ టికెట్ అర్థం గూడ మారుతది. చూసుకో," అన్నారు బాలయ్య.

రాజ్‌కుమార్ చూసుకున్నాడు.

ఆవిష్కరణ నాడు నాయకులంతా విగ్రహం ముందు గోడలా నిలబడ్డారు. నాగిరెడ్డిపేట బస్సులో కొబ్బరికాయలతో వచ్చిన అవ్వలు వాళ్ల వీపులకే దండాలు పెట్టుకుంటున్నారు. "జర జరుగుండ్రి కొడుకా, సామిని చూడనియ్యుండ్రి," అని ఒకామె బతిమాలింది. ఆమె పక్కనే ఉన్న సుకన్య మొగుడి వంక చూసింది, అంతే.

రాజ్‌కుమార్ అరడుగు పక్కకు జరిగాడు. నిజంగానే జరిగాడు. ఆ సందులోకి మిల్లు యజమాని భుజం దూరింది. రాజ్‌కుమార్ వెంటనే తేరుకుని, మోచేత్తో తన స్థానం తాను మళ్లీ సంపాదించుకున్నాడు.

ఫోటోలో నాయకులందరూ స్పష్టంగా వచ్చారు. వాళ్ల తలల మధ్య నుంచి స్వామివారి వేళ్లు రెండు కనిపిస్తున్నాయి. గౌరవ పాఠకులు ఆ ఫోటోను 'ఓం శాంతి' అని రాసి, ఈపాటికి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ఉంటారు.