కడగనక్కరలేదు

ఆ గురువారం ఉదయం ఎస్పెన్ వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. క్రిస్మస్ బీరు కాచాలి, చల్లార్చాలి, పీపాలో పోసి మూత పెట్టాలి, భోజనం వేళకు ఇంట్లో ఉండాలి. పాల డెయిరీలో పనిచేసే మనిషి కాబట్టి శుభ్రత గురించి అతనికి ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. ఈ పని కోసమే ఒక డబ్బా శానిటైజర్ తెప్పించాడు. నీళ్ళలో కలిపితే తెల్లటి నురగ వస్తుంది. సామాను అందులో ముంచి తీస్తే చాలు. ఆ తర్వాత నీళ్ళతో కడగనక్కరలేదని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో బీరు కాచింది మామగారు షూర్. వోస్ ఊరి కొండవాలు మీద ఆయన బీరుకు మంచి పేరు. ఈ ఏడు తుంటినొప్పి వచ్చి కాగు దగ్గర నిలబడలేక, మొదటిసారి అల్లుడికి పని అప్పగించాడు. బెర్గెన్ పట్నం నుంచి ఇల్లరికం వచ్చిన ఎస్పెన్‌కి ఇది చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో గొడ్డలి ఎక్కడుందో ఇప్పటికీ భార్యనడిగి తెలుసుకునే మనిషి. ఈ బీరు కుదిరితే తానూ ఆ ఇంటివాడే. కుదరకపోతే జీవితాంతం చుట్టపుచూపుగా వచ్చినవాడే.

మా వైపు వాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు. షూర్ మరీ పిసినారి. పొయ్యి పక్క కుర్చీలోంచి ఆయన ఇచ్చిన శిక్షణ మొత్తం ఇంతే:

"పీపాలో పోశాక, మేకుకున్న గొలుసు వెయ్యి. గట్టిగా కేక పెట్టు. మూత పెట్టు."

గొలుసంటే చెక్క గొలుసు. నేలమాళిగలో మేకుకు వేలాడుతోంది. లింకుల సందుల్లో బూడిదరంగు పెచ్చులు కట్టి ఉన్నాయి. ఇది ఎందుకని అడుగుదామనుకున్నాడు ఎస్పెన్. కానీ ఇల్లరికపు అల్లుడు అడగదగిన ప్రశ్నల కోటా ఎప్పుడో అయిపోయింది. బీరు పులియడానికి తోడు వెయ్యాలని తెలుసు. ఆ తోడు మామగారే వేసుకుంటారు కాబోలు, ఇంటి రహస్యం అంత తొందరగా అల్లుడి చేతిలో పెడతారా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. గొలుసు మాత్రం చూడలేకపోయాడు. డెయిరీలో అలాంటి పెచ్చు ఒక్కటి కనబడితే ఉద్యోగం ఊడుతుంది. బ్రష్ తీసుకుని లింకు లింకూ తోమి, నురగలో నానబెట్టి తీశాడు. గొలుసు తళతళలాడింది. అతని ముఖం కూడా.

బీరు పీపాలో పోసి, గొలుసు అందులో వేశాడు. ఇక కేక. బీరులో తోడు పడేటప్పుడు కాచినవాడు గొంతెత్తి అరవాలి. ఎంత గట్టిగా అరిస్తే బీరుకు అంత బలం. ఆ కేక విన్న ఇరుగుపొరుగు రెండో రోజు సాయంత్రం రుచి చూడడానికి వస్తారు, వేరే పిలుపు అక్కరలేదు. ఎస్పెన్ మొదటి కేక కప్‌బోర్డు కింద ఇరుక్కున్న పిల్లి అరిచినట్టు వచ్చింది. సిగ్గుపడి, కళ్ళు మూసుకుని రెండోది పెట్టాడు. ఈసారి వాలు అవతల నుంచి పొరుగు ఓడ్వార్ తిరిగి కేక పెట్టాడు. దాంతో శనివారం సాయంత్రం ఖాయమైపోయింది.

శుక్రవారం పొద్దున ఎస్పెన్ పీపాకు చెవి ఆనించాడు. లోపల చడీచప్పుడూ లేదు. భార్య గుడ్రున్ దీపం పట్టుకుని దిగివచ్చి, మూత తీసి, గరిటెతో గొలుసు పైకి లాగింది. కాసేపు దానివంక చూసింది.

"దీని మీదున్నది ఏమైంది?"

"మురికా? తోమేశాను."

గుడ్రున్ మెట్టు మీద కూలబడింది. "మురికి కాదు ఎస్పెన్. అదే తోడు. ఎండబెట్టిన తోడు. మా ముత్తవ్వ నాటి నుంచి ఆ గొలుసు మీదే బతుకుతోంది. బాగా తోమావా?"

"చాలా బాగా."

ఎస్పెన్‌కి అప్పుడు అర్థమైంది. తరతరాలుగా ఒక ఇల్లు కాపాడుకుంటున్న ప్రాణాన్ని తను బ్రష్ పెట్టి చంపాడు. వెళ్ళి మామగారి కాళ్ళ మీద పడతానన్నాడు. గుడ్రున్ ఆపింది. నాన్న కోప్పడడనీ, మాట్లాడడం మానేస్తాడనీ చెప్పింది. ఇప్పుడు మాట్లాడుతున్నాడా అని అడగబోయి ఎస్పెన్ ఊరుకున్నాడు.

ఇద్దరూ కలిసి ఉపాయం ఆలోచించారు. ఓడ్వార్ ఇంట్లో మంచి తోడు ఉంది. అతనికీ షూర్‌కీ బీరు విషయంలో పాత పోటీ. ఏటా ఒకరి బీరు ఒకరు రుచి చూసి, "తాగొచ్చు" అని మాత్రం అని ఇంటికి పోతారు. అలాంటి వాడి దగ్గరకు బీరు కోసమని వెళ్ళడం కుదరదు. రొట్టెల కోసమని అడగాలి. ఈలోగా పీపాలోది మళ్ళీ కాగులోకి ఎక్కించి మరగబెట్టాలి, ఆ పని గుడ్రున్ చూసుకుంటుంది. ఖాళీ పీపాలో ఎస్పెన్ శానిటైజర్ పోసి, కంగారులో బలమంతా పెట్టి కుదిపాడు. నురగ అంచులు దాటి పొంగింది. నురగ వల్ల హాని లేదని డబ్బా మీదే ఉంది కదా అని మూత బోర్లించి, అలాగే వదిలేసి పరిగెత్తాడు.

ఓడ్వార్ కట్టెలు పేరుస్తున్నాడు.

"గుడ్రున్ కొంచెం తోడు అడిగి రమ్మంది. రొట్టెకి."

"రొట్టెకా?"

"రొట్టెకే."

ఓడ్వార్ వాలు అవతల షూర్ గారి వంటపాక మీద లేస్తున్న పొగ వంక తీరిగ్గా చూశాడు. లోపలికి వెళ్ళి, ఊరందరికీ రొట్టెలు కాల్చేటంత పెద్ద సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంకేమీ అడగలేదు.

సరిగ్గా ఆ వేళకే షూర్ కర్ర ఊతంతో, ఒక చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా నేలమాళిగలోకి దిగాడు. మసక వెలుతురులో పీపా మూత కింద నుంచి తెల్లటి నురగ పొంగి నేలకు జారుతోంది. ఆయన వంగి చూశాడు. వేలితో కాస్త నురగ తీసి నాలిక్కి రాసుకున్నాడు. తర్వాత తుంటి సంగతి మరిచిపోయి మెట్లెక్కి, ఫోను పట్టుకున్నాడు. వాలు మీది వాళ్ళనే కాదు, సరస్సు అవతలి వాళ్ళనీ, చర్చిలో పాడేవాళ్ళనీ, మాటలు మానేసిన మేనత్త కొడుకునీ కూడా శనివారానికి పిలిచాడు.

సీసా కోటులో దాచుకుని ఎస్పెన్ గుమ్మం దాటేసరికి మామగారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అల్లుడూ, లేచింది. నా కళ్ళతో చూశాను. నీ చెయ్యి మంచిది."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఎస్పెన్‌కి ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట వచ్చింది, అదీ శానిటైజర్ నురగను చూసి. నిజం నోటిదాకా వచ్చింది కానీ, ఆ సంతోషాన్ని పాడుచెయ్యడానికి మనసొప్పలేదు.

పీపాలోని నురగ పారబోసి, కాచినది చల్లార్చి పోసి, ఓడ్వార్ తోడు కలిపారు. కేక పెట్టకపోతే పులియదని గుడ్రున్ పట్టుబట్టింది. పెడితే మామగారికి వినబడుతుంది. చివరికి మొగుడూ పెళ్ళాం ఒకే గొర్రెతోలులో ముఖాలు దూర్చి అరిచారు. గొర్రెతోలు పనిచేసింది. రాత్రి భోజనం కాకముందే పీపా గుడగుడలాడడం మొదలుపెట్టింది.

శనివారం సాయంత్రానికి కుర్చీలు చాలలేదు. షూర్ కొత్త స్వెటర్ వేసుకుని పెళ్ళిపెద్దలా మధ్యలో కూర్చున్నాడు. చెక్క గిన్నెలో మొదటి బీరు పోసి, పద్ధతి ప్రకారం ముందుగా పొరుగు చేతికిచ్చాడు. ఓడ్వార్ వాసన చూశాడు. ఒక గుటక వేశాడు. ఇంకోటి వేశాడు. "తాగొచ్చు" అన్న మాట కోసం అందరూ చూస్తున్నారు.

"ఇది మా తోడు షూర్," అన్నాడు ఓడ్వార్. "నారింజ తొక్క వాసన. కళ్ళు మూసుకుని చెప్తాను."

షూర్ గిన్నె వంకా, అల్లుడి వంకా చూశాడు. ఎస్పెన్ లేచి నిలబడ్డాడు. గుడ్రున్ కూడా పక్కన నిలబడింది.

"గొలుసు మురికిగా ఉందని నేనే తోమేశాను మామయ్యా. మీ ఇంటి తోడు చంపేశాను. మీరు చూసింది బీరు నురగ కాదు, శానిటైజర్."

"అందుకా పుల్లగా ఉంది," అన్నాడు షూర్.

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. మాట్లాడడం మానేశాడనే అనుకున్నారు. ఆయన మెల్లగా జేబులో చెయ్యి పెట్టి ఒక చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. అది కొట్లో అమ్మే ఈస్ట్ పొట్లం.

"నువ్వు తోమింది దుమ్ము," అన్నాడు. "గుడ్రున్ వాళ్ళమ్మ పోయాక కొన్నేళ్ళు నాకు కాచబుద్ధి కాలేదు. మళ్ళీ కాచేసరికి గొలుసు చచ్చిపోయింది. అప్పటి నుంచీ ఏటా ఎవరూ చూడకుండా ఇదే వేస్తున్నాను. నిన్న కూడా ఇది వెయ్యడానికే దిగాను. నురగ చూసి, నీ చేతిలో గొలుసు బతికిందనుకున్నాను. ఆవిడ తిరిగొచ్చినట్టు అనిపించింది."

ఆ మనిషి ఒక్కసారిగా అన్ని మాటలు అనడం ఎవరూ వినలేదు. గుడ్రున్ వెళ్ళి తండ్రి భుజం పట్టుకుంది. ఓడ్వార్ గొంతు సవరించుకున్నాడు.

"మా తోడు మాదేం కాదు. మా నాయనమ్మ ఈ ఇంటి ఆడపిల్లే కదా. పెళ్ళికూతురై వస్తూ ఈ గొలుసు మీది తోడే పట్టుకొచ్చింది. అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా."

"ఎట్లా అడగను?" అన్నాడు షూర్.

"రొట్టెకి కావాలని."

ముందు నవ్వింది షూరే. తర్వాత గిన్నె చేతులు మారుతూ పీపా ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. ఓడ్వార్ మాత్రం "తాగొచ్చు" అనే అన్నాడు, ఐదారు సార్లు నింపించుకున్నాడు. పీపా అడుగున మిగిలిన చిక్కటి మడ్డిలో షూర్ గొలుసును అల్లుడి చేతే ముంచించి, మేకుకు తగిలించి ఆరబెట్టించాడు. ఇక మీదట కాచేది అతనే అని అందరి ముందూ చెప్పాడు.

మర్నాడు ఎస్పెన్ దిగి చూస్తే, శానిటైజర్ డబ్బా మీది కాగితం ఊడదీసి ఎవరో గొలుసు పక్కన గోడకు అతికించారు: కడగనక్కరలేదు.